జరగని నేరానికి ముద్దాయి

నేరం జరిగాక శిక్షించడం కంటె జరగకముందే నివారించడం మేలు అనే మాటను కాదనేవాళ్ళు సాధారణంగా వుండరు. ఉరిశిక్షను సమర్థించేవాడూ ఒప్పుకుంటాడు, దాన్ని రద్దు చెయ్యాలనేవాడూ ఒప్పుకుంటాడు. శిక్షలో కాఠిన్యం వున్నదనీ, నివారణలో దయ వున్నదనీ అనుకోవడం మనకు అలవాటైపోయింది. అందుకే నివారణ పేరుతో వచ్చే పథకాలను మనం అంతగా పరీక్షించకుండానే ఆమోదిస్తాం. కాని శిక్షలో లేని ఒక నైతిక ప్రమాదం నివారణలో వున్నది. శిక్షించాలంటే నేరం జరిగి వుండాలి, సాక్ష్యం వుండాలి, ముద్దాయికి తన మాట చెప్పుకునే అవకాశం వుండాలి. నివారించడానికి ఇవేవీ అక్కర లేదు. అనుమానం చాలు.

కనుక ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి వున్నది. నివారించేది నేరాన్నా, మనిషినా? నేరం ఏ పరిస్థితుల్లో పుడుతున్నదో కనిపెట్టి ఆ పరిస్థితులను మార్చడం ఒక దారి. నేరం చెయ్యబోయేవాడెవడో ముందే కనిపెట్టి వాడిమీద కన్నువేసి వుంచడం ఇంకొక దారి. నూటయాభై ఏళ్ళుగా నేరశాస్త్రం ఈ రెండు దారుల మధ్యనే నడుస్తున్నది. ఈనాడు కంప్యూటర్లతో, లక్షల మనుషుల వివరాలతో జరుగుతున్న కొత్త పరిశోధన కూడా ఈ రెండింటిలో ఏదో ఒక దారినే వెడుతున్నది. ఏ దారి మనుషులను ఎక్కడికి తీసుకుపోయిందో చెప్పడానికి చరిత్ర వుండనే వున్నది.

1876లో ఇటలీ వైద్యుడు చెజారే లాంబ్రోజో నేరస్థుడిని గురించిన తన ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రచురించాడు. దక్షిణ ఇటలీలోని కలబ్రియాకు చెందిన ఒక ఖైదీ కపాలంలో ఆయనకు ఒక గుంట కనిపించింది. దాన్ని ఆధారం చేసుకుని, పుట్టుకతోనే నేరస్థులైన మనుషులుంటారనీ, వాళ్ళు మానవ పరిణామంలో వెనుక మెట్టు దగ్గర ఆగిపోయినవాళ్ళనీ, దవడనూ చెవులనూ నుదుటినీ కొలిచి వాళ్ళను గుర్తుపట్టవచ్చుననీ ఆయన సిద్ధాంతం చేశాడు. ఆనాటి ఇటలీలో ఉత్తరాది పెట్టుబడిదారులు దక్షిణాది రైతాంగాన్ని అనాగరిక జనంగా చూస్తున్నారన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ కపాలం దక్షిణాది మనిషిదే కావడంలో ఆశ్చర్యం కనిపించదు. 1913లో ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అనే జైలు వైద్యుడు దాదాపు మూడువేల మంది ఖైదీలను కొలిచి, నేరస్థుడికి ప్రత్యేకమైన ముఖమూ కపాలమూ అంటూ ఏమీ లేవని తేల్చాడు. శాస్త్రంగా లాంబ్రోజో సిద్ధాంతం అక్కడితో దెబ్బతిన్నది. పరిపాలనా విధానంగా మాత్రం అది మన దేశంలో అంతకుముందే వేళ్ళు తన్ని వున్నది.

లాంబ్రోజో గ్రంథానికి అయిదేళ్ళ ముందే, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం నేరజాతుల చట్టం తెచ్చింది. ఆ చట్టం వెనుక వున్న తర్కం చాలా సులభమైనది. ఈ దేశంలో సాలెవాడి కొడుకు సాలెవాడవుతాడు, వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, కాబట్టి దొంగతనమే కులవృత్తిగా గలవాళ్ళు కూడా వుండి తీరాలి, వాళ్ళ పిల్లలు దొంగలే కావాలి. యూరపులో కపాలం చేసిన పనిని ఇక్కడ కులం చేసింది. 1911లో చట్టాన్ని సవరించి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. నమోదైనవాళ్ళ వేలిముద్రలు తీసుకోవచ్చు. వాళ్ళు వేళకు హాజరు చెప్పుకోవాలి. అనుమతి చీటీ లేకుండా వూరు దాటరాదు. వాళ్ళలో ఎవడు ఏ నేరం చేశాడన్న ప్రశ్నే లేదు. పుట్టుకే సాక్ష్యం.

తెలుగునాట ఈ చట్టానికి బలి అయినవాళ్ళలో ఎరుకలవాళ్ళు ముఖ్యులు. వాళ్ళు దొంగల జాతి ఎలా అయ్యారో పరిశీలిస్తే నేరశాస్త్రానికి ఒక మంచి పాఠం దొరుకుతుంది. వాళ్ళలో చాలామంది గాడిదలమీదా ఎద్దులమీదా సముద్రతీరపు ఉప్పును లోపలి వూళ్ళకు మోసుకుపోయి, అక్కడి ధాన్యాన్ని తిరిగి తెచ్చే సంచార వ్యాపారులు. ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకున్నది. రైళ్ళు వచ్చి సరుకుల రవాణాను లాగేసుకున్నాయి. అడవి చట్టాలు వచ్చి గంపలూ తట్టలూ అల్లుకునే వెదురుకు అడ్డుపడ్డాయి. 1876–78 కరువు మిగిలినదాన్ని వూడ్చిపెట్టింది. బ్రతుకుతెరువును ఇలా నలువైపులా మూసివేసిన ప్రభుత్వమే, తెరువులేక తిరుగుతున్నవాళ్ళను చూసి వీళ్ళు పుట్టుకతో దొంగలని తీర్మానించింది. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పరిశోధన గ్రంథం ఈ క్రమాన్ని వివరంగా చూపిస్తుంది.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఇలా వెలిసిన సెటిల్‌మెంటు. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి వచ్చింది. మనుషులను సంస్కరించడం పైకి చెప్పిన ఉద్దేశం. ఆ మనుషులను చీరాలలోని పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగా పంపించడం జరిగిన పని. వూరు విడిచి పోవడానికి హక్కులేని కూలీ కంటె యజమానికి కావలసినదేముంటుంది? నేర నివారణకూ చౌక శ్రమకూ మధ్య కుదిరిన ఈ బంధుత్వం గమనించదగ్గది.

తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం ఈ చట్టాన్ని రద్దు చెయ్యాలని సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అయితే చట్టంతోపాటు దాని తర్కం రద్దు కాలేదు. జాతికి బదులుగా 'అలవాటు నేరస్థుడు' అనే మాట వచ్చింది. మద్రాసులో 1948లోనే అటువంటి చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో చేశారు. కొన్ని రాష్ట్రాల జైలు నిబంధనల్లో సంచార జాతుల ప్రస్తావన అలాగే వుండిపోయింది. జైలులో ఎవరు వంట చెయ్యాలో, ఎవరు పాయిఖానాలు వూడవాలో కులాన్నిబట్టి నిర్ణయించే నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా కాలం పట్టింది. విముక్త జాతుల మనుషులను ఇష్టం వచ్చినట్లు అరెస్టు చెయ్యకూడదని పోలీసులకు చెప్పవలసిన అవసరం కూడా ఆ తీర్పులో న్యాయస్థానానికి కలిగింది.

ఇదంతా గడిచిన కథ, ఈనాటి పరిశోధన కులాన్నీ కపాలాన్నీ చూడదు, అంకెలను మాత్రమే చూస్తుంది అని ఎవరైనా అనవచ్చు. ఆ అంకెలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూద్దాం.

ఏ వీధిలో ఎప్పుడు నేరం జరగబోతున్నదో చెప్పే కంప్యూటరు లెక్కలను అమెరికాలో అనేక నగరాల పోలీసులు వాడారు. 2016లో క్రిస్టియన్ లమ్, విలియం ఐజాక్ అనే ఇద్దరు పరిశోధకులు అటువంటి ఒక లెక్కకు ఓక్లండు నగరపు మత్తుమందుల కేసులను ఇచ్చి చూశారు. ఆరోగ్య సర్వేల ప్రకారం ఆ నగరంలో మత్తుమందుల వాడకం అన్ని పేటల్లోనూ వున్నది. కంప్యూటరు మాత్రం పోలీసులను పదే పదే నల్లవాళ్ళూ పేదవాళ్ళూ వుండే పేటలకే పంపమన్నది. తెల్లవాళ్ళతో పోలిస్తే నల్లవాళ్ళు దాదాపు రెట్టింపుగా దాని గురికి చిక్కారు. కారణం స్పష్టం. కంప్యూటరుకు తెలిసినది నేరాల జాబితా కాదు, పోలీసులు పట్టుకున్న నేరాల జాబితా. పోలీసులు ఎక్కడ తిరిగితే అక్కడ కేసులు నమోదవుతాయి. కేసులు నమోదైనచోటికి కంప్యూటరు మళ్ళీ పోలీసులను పంపిస్తుంది. పోయినవాళ్ళు మరికొన్ని కేసులు తెస్తారు. ఈ వలయానికి శాస్త్రం అని పేరు.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని మనవాళ్ళు ఏనాడో అన్నారు. ఎడ్విన్ సదర్లండ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1939లో అమెరికాలో ఇదే విషయాన్ని శాస్త్రభాషలో చెప్పాడు. పెద్ద కంపెనీలలో గౌరవనీయులు చేసే నేరాలను లెక్కలోకి తీసుకోకుండా, పేదరికం వల్లనే నేరం పుడుతుందని చెప్పే సిద్ధాంతాలు కూడా పాక్షికమేనని ఆయన వాదించాడు. 2009 జనవరిలో హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. వేలకోట్ల రూపాయలు కాగితంమీద మాత్రమే వున్నాయని తేలింది. ఆ మోసం ఏళ్ళతరబడి జరిగింది. ఆ ఏళ్ళలో ఏ పోలీసు పటంలోనూ ఆ కార్యాలయం వున్న వీధికి ఎర్రరంగు వేసి వుండరు. బస్తీలను తెల్లవారుజామున చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసే పద్ధతి మాత్రం అదే నగరంలో నడిచింది. ఇప్పుడు వేలిముద్రతో తృప్తిపడక, దారిన పోయేవాడి ముఖాన్ని కూడా యంత్రం చేత గుర్తుపట్టిస్తున్నారు. ఇది రాజ్యాంగబద్ధమేనా అని ప్రశ్నించిన పిటిషన్‌మీద 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. లెక్కలో పక్షపాతం వుంటే దాన్ని సరిదిద్దవచ్చు కదా, సరిదిద్దిన తర్వాత కూడా అభ్యంతరమెందుకు? రోగం రాబోతున్నదని డాక్టరు చెపితే వద్దంటామా?

ఈ ఆక్షేపణను పరీక్షించడానికి ఒక నిజమైన ఉదాహరణ వున్నది. అమెరికా కోర్టుల్లో ముద్దాయి మళ్ళీ నేరం చేస్తాడా లేదా అని మార్కులువేసే కాంపాస్ అనే పద్ధతి వున్నది. ఫ్లోరిడాలోని ఒక కౌంటీలో ఏడువేలమందికి పైగా మనుషుల వివరాలను ప్రోపబ్లికా అనే పత్రికా సంస్థ 2016లో పరిశీలించింది. తర్వాత ఏ నేరమూ చెయ్యని నల్లవాళ్ళలో సుమారు 45 శాతం మందికి ప్రమాదకరమైనవాళ్ళని ముద్రపడింది. అటువంటి తెల్లవాళ్ళలో ముద్రపడినవాళ్ళు సుమారు 23 శాతం. ఆ పద్ధతిని తయారుచేసిన కంపెనీ ఎదురు వాదించింది. ఒకే మార్కు వచ్చిన నల్లవాడూ తెల్లవాడూ దాదాపు ఒకే మోతాదులో మళ్ళీ నేరం చేస్తున్నారు కాబట్టి తమ లెక్క న్యాయమైనదే అన్నది. ఆ తర్వాత గణితశాస్త్రజ్ఞులు రంగంలోకి దిగి, రెండు సమూహాల్లో మళ్ళీ అరెస్టయ్యేవారి పాలు వేరువేరుగా వున్నప్పుడు ఈ రెండు రకాల న్యాయాలూ ఒకే లెక్కలో ఇమడవని నిరూపించారు. అంటే లోపం ఏదో ఒక యంత్రంలో లేదు. అసమాన సమాజాన్ని యథాతథంగా వుంచి, దానిమీద న్యాయమైన జోస్యం చెప్పాలనే కోరికలోనే వున్నది.

డాక్టరు ఉపమానం కూడా నిలవదు. డాక్టరు జోస్యం రోగి మేలుకోసం. రోగికి ఇష్టం లేకపోతే మందు మానెయ్యవచ్చు. నేర జోస్యం ఎవడిని గురించి చెప్పబడిందో వాడికి అది సంకెల. పైగా రోగం కృత్యం కాదు, నేరం కృత్యం. నూరుగురిలో ముప్ఫైమంది దొంగతనం చేస్తారని లెక్క చెపితే, ఆ లెక్క నూటికి నూరుపాళ్ళు నిజమే కావచ్చు. కాని అది ఆ నూరుగురి జీవన పరిస్థితిని గురించిన నిజం. వాళ్ళలో ఏ ఒక్కడి చేతనూ అది నేరం చేయించలేదు. సమూహానికి చెందిన సత్యాన్ని వ్యక్తి నెత్తిన నేరంగా మోపడం తర్కంలో తప్పు, నీతిలో అన్యాయం.

పందొమ్మిదో శతాబ్దంలో బెల్జియం గణకుడు కెట్లే నేరాల సంఖ్య ఏటేటా ఎంత క్రమబద్ధంగా వస్తుందో చూపించాడు. 1853లో ఉరిశిక్షను గురించి రాసిన వ్యాసంలో మార్క్స్ ఆ లెక్కలను వాడుకున్నాడు. నేరాలు అంత క్రమబద్ధంగా వస్తున్నాయంటే, తలారిని కీర్తించడం మాని, ఆ నేరాలను కంటున్న వ్యవస్థను మార్చే సంగతి ఆలోచించాలని ఆయన వాదన. అదే లెక్క చేతికి ఇస్తే లాంబ్రోజో వారసులు మనిషిని వెతుకుతారు, మార్క్స్ వ్యవస్థను వెతికాడు. గణితానికి పక్షం లేదు. దాన్ని పట్టుకుని ఏ ప్రశ్న అడుగుతామన్న దానికి పక్షం వున్నది.

నేరశాస్త్ర చరిత్రలోనే దీనికి చక్కని నిదర్శనం వున్నది. బోస్టన్ పరిసరాల్లో బాలనేరస్థుల బళ్ళలో చేరిన అయిదువందల మంది పిల్లలను గ్లూక్ దంపతులు ఎన్నో ఏళ్ళు పరిశీలించి 1950లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించారు. తండ్రి క్రమశిక్షణ, తల్లి పర్యవేక్షణ, ఇంట్లోని ఆప్యాయత వంటి అంశాలకు మార్కులువేసి, ఆరేళ్ళ పిల్లవాడు ముందుముందు నేరస్థుడవుతాడా కాదా అని చెప్పే పట్టికలను కూడా వాళ్ళు తయారుచేశారు. వాళ్ళ కాగితాలు తర్వాత హార్వర్డ్ న్యాయకళాశాల నేలమాళిగలో పెట్టెల్లో పడివున్నాయి. 1980లలో జాన్ లాబ్, రాబర్ట్ సాంప్సన్ వాటిని బయటకు తీశారు. ఆ పిల్లలు డెబ్బయ్యేళ్ళవాళ్ళు అయ్యేదాకా వాళ్ళ జీవితాలను వెంబడించి చూశారు. తేలినదేమంటే, చిన్ననాటి లక్షణాలను బట్టి ఎవడు జీవితాంతం నేరస్థుడుగా వుండిపోతాడో, ఎవడు మానుకుంటాడో ముందుగా చెప్పడం సాధ్యం కాదు. నిలకడైన ఉద్యోగం, మంచి దాంపత్యం, సైన్యంలో పని, పాత పరిసరాలనుంచి విడివడడం ఇవి మనుషులను మార్చాయి. చివరకు దాదాపు అందరూ నేరం మానుకున్నారు, కొందరు ముందూ కొందరు వెనుకా. మనిషి ఆరేళ్ళకు పూర్తయ్యే వస్తువు కాదని అవే కాగితాలు చెప్పాయి.

కొత్త పరిశోధనలో ఆశ కలిగించే భాగం ఇదే. రెండో దారిన, అంటే పరిస్థితులను మార్చే దారిన, గత కొన్ని దశాబ్దాల్లో విలువైన పని జరిగింది. పశ్చిమ జర్మనీలో 1980లో మోటారు సైకిలు నడిపేవాళ్ళు హెల్మెట్టు పెట్టుకోకపోతే అక్కడికక్కడే జరిమానా వెయ్యడం మొదలుపెట్టారు. ఏడాదికి లక్షన్నర మోటారు సైకిళ్ళు పోతుండేవి, 1986 నాటికి ఆ సంఖ్య సుమారు యాభైనాలుగువేలకు దిగింది. హెల్మెట్టు లేకుండా దొంగబండి ఎక్కితే దారిలోనే పట్టుబడతారు గనుక ఆ క్షణంలో తోచే దొంగతనాలు ఆగిపోయాయి. దొంగలు వేరే వాహనాలకు పెద్దఎత్తున మళ్ళలేదు. ఆ లక్షమంది 'పుట్టుదొంగలు' ఏమైనట్లు? న్యూయార్కులో పేదల గృహసముదాయాల్లో కొన్నింటికి మంచి దీపాలు పెట్టి చూస్తే, రాత్రివేళ ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం తగ్గాయని 2019లో తేలింది. ఫిలడెల్ఫియాలో చెత్తతో నిండిన ఖాళీస్థలాలను బాగుచేసి పచ్చిక పెంచితే, పేదపేటల్లో తుపాకి హింస 29 శాతం తగ్గిందని 2018లో ప్రకటించారు. చికాగోలో 2012లో ఎక్కువ హింస వుండే పేటల్లోని హైస్కూలు పిల్లలకు ఎనిమిది వారాల వేసవి ఉద్యోగాలు ఇస్తే, తర్వాతి పదహారు నెలల్లో హింసానేరాల కింద వాళ్ళ అరెస్టులు 43 శాతం తగ్గాయి. అదే చికాగో పోలీసులు ప్రమాదకరమైనవాళ్ళంటూ 2013లో 426 మంది జాబితా తయారుచేశారు. దాని ఫలితాలను పరిశీలించినవాళ్ళకు హత్యలు తగ్గిన జాడ కనిపించలేదు, జాబితాలో పేరున్నవాళ్ళు అరెస్టు కావడం పెరగడం కనిపించింది. ఒకే నగరంలో రెండు దారుల ఫలితాలూ మన ముందున్నాయి.

ఈ రెండో దారికి కూడా హద్దులున్నాయి. దీపాలూ తాళాలూ కలవాళ్ళ కాలనీలకే వచ్చి, దొంగతనం పక్కపేటకు మళ్ళితే దాన్ని నివారణ అనలేం. ఎనిమిది వారాల ఉద్యోగం ఎనిమిది వారాల ఉద్యోగమే. ఉపాధి హక్కుకు అది బదులు కాదు. వ్యవస్థ మూలాలను తాకకుండా చివుళ్ళను కత్తిరించే ఉపాయంగా ఈ పరిశోధనను వాడుకోజూసే ప్రభుత్వాలు వుంటాయి.

మనవైపునా ఒక సోమరితనం వున్నది, దాన్నీ చెప్పుకోవాలి. నేరం వర్గసమాజపు ఫలితం, సమాజం మారితే నేరం మాయమవుతుంది, అందాకా చెయ్యగలిగిందేమీ లేదు అని చేతులు దులుపుకునే అభ్యుదయవాదులు వున్నారు. నేరంవల్ల నష్టపోయేవాళ్ళు ఎక్కువగా ఎవరు? పేదపేటల్లోని పేదలే. వెలుగులేని సందులో భయపడుతూ పనినుంచి ఇంటికి వచ్చే స్త్రీకి, విప్లవం వచ్చినదాకా ఓర్చుకోమని చెప్పే హక్కు మనకు లేదు. స్త్రీలమీద ఇంట్లో జరిగే హింసకు వర్గభేదం లేదు, అది అన్ని వర్గాల గడపల లోపలా వున్నది. పరిస్థితులను వివరించినంత మాత్రాన నేరాన్ని క్షమించినట్లు కాదు. భార్యను కొట్టినవాడికి కూలి దొరకలేదన్నది కారణం కావచ్చు, సమర్థన కాజాలదు. కూలి దొరకని వేలమంది భార్యలను కొట్టకుండానే వున్నారు.

మరి బాధ్యత ఎవరిది? వ్యక్తిదా, సమాజానిదా? ఈ ప్రశ్నను తక్కెడలా చూసి, ఒకవైపు పెరిగితే రెండోవైపు తగ్గుతుందనుకోవడం పొరపాటు. చేసిన పనికి చేసినవాడు జవాబు చెప్పాలి. మార్చగలిగీ మార్చని పరిస్థితులకు సమాజం జవాబు చెప్పాలి. ఈ రెండూ ఏకకాలంలో నిజం. చెయ్యని పనికి మాత్రం ఎవడూ జవాబు చెప్పనక్కర లేదు. నేరజాతుల చట్టం ఈ నీతిని తలకిందులు చేసింది. తన బాధ్యతను మరచి, చెయ్యని పనికి పసిపిల్లల చేత కూడా జవాబు చెప్పించింది. కంప్యూటరు జోస్యం ఆ చట్టాన్నే కులం పేరు ఎత్తకుండా మళ్ళీ రాస్తున్నది. మన దేశంలో 2022 చివర జైళ్ళలో వున్నవాళ్ళలో 75.8 శాతం మంది విచారణ ఖైదీలే. నేరం రుజువుకాని మనుషులతో జైళ్ళు నిండివున్న దేశంలో, నేరమే జరగని మనుషులను కూడా జాబితాకెక్కించే యంత్రం ఎవరి తలుపు తడుతుందో చెప్పడానికి జోస్యం అక్కర లేదు.

స్టువర్టుపురానికి ఇంకొక చరిత్ర కూడా వున్నది. 1970లలో హేమలతా లవణం, లవణం ఆ గ్రామంలోకి వెళ్ళి పనిచేశారు. జాతిని కాకుండా మనుషులను చూశారు. చేసిన తప్పులను గురించి వాళ్ళతో సూటిగా మాట్లాడారు, బ్రతుకుతెరువును గురించీ పిల్లల చదువును గురించీ మాట్లాడారు. మారగల శక్తి వాళ్ళలో వున్నదనే నమ్మకంతోనే ఆ సంభాషణ సాధ్యమైంది. బోస్టన్ కాగితాలు అంకెల్లో చెప్పిన సత్యాన్ని వాళ్ళు ఆచరణలో ముందే పట్టుకున్నారు.

కనుక నేర నివారణ పేరుతో ఏ పథకం వచ్చినా విద్యార్థులూ అధ్యాపకులూ దాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. అది పరిస్థితిని మారుస్తుందా, మనిషికి ముద్ర వేస్తుందా? దాని లెక్కల్లో దొరల నేరాలు వున్నాయా, దొరికినవాళ్ళవే వున్నాయా? ముద్రపడినవాడు ఆ లెక్కను చూసి, ప్రశ్నించి, తప్పని నిరూపించుకునే వీలున్నదా? ఈ ప్రశ్నలకు నిలిచిన పథకాన్ని, ఎవరు తెచ్చినా, మనం సమర్థించవచ్చు. నిలవనిదాన్ని, ఎంత కొత్త యంత్రంమీద వచ్చినా, 1871 చట్టం పక్కన పెట్టి చదవాలి.